మరుగుదొడ్ల తాళాలు తీయించిన మేడమ్ గారికి

పంతొమ్మిది వందల తొంభై రెండు, సెప్టెంబరు ఏడో తేదీ సోమవారం ఉదయం మా మేడమ్ గారు ఈ విద్యా జిల్లా కార్యాలయంలో పాఠశాల నర్సుగా చేరారు. ఆ రోజు ఆమెకు కుర్చీ లేదన్నారు. దూది, థర్మామీటరు ఉన్న పెట్టెను కిటికీ గట్టు మీద పెట్టి, నిలబడే పని మొదలుపెట్టారు. తర్వాత కుర్చీ వచ్చింది కానీ, అందులో ఆమె కూర్చోగా చూసినవారు మాలో తక్కువ.

"నాలుగు మంచి మాటలు రాసివ్వండి" అని ఈ వీడ్కోలు సంచిక సంపాదకులు నన్ను కోరారు. ఆమె పక్క బల్ల దగ్గర ఇన్నేళ్లు గణాంకాలు చూసినందుకు నాకా గౌరవం దక్కింది. మంచి మాటలే రాస్తున్నాను. కొందరికి చేదుగా తగిలితే మన్నించమని మాత్రం అడగను.

తొలి దశాబ్దమంతా ఆమె బడుల చుట్టూ తిరిగారు. టీకాలు వేశారు, బోర్డు కనబడని పిల్లలకు కళ్లజోళ్లు ఇప్పించారు. వరండా ఈ చివర పిలిస్తే ఆ చివర గుమాస్తా ఉలిక్కిపడే గొంతు కాబట్టి మేమంతా 'సైరన్' అని పేరు పెట్టుకున్నాం. అది తెలిసి, "మోగితేనే కదా దారిస్తారు" అని నవ్వేశారు.

ఆరోగ్య పర్యవేక్షకురాలిగా పదోన్నతి పొందిన ఏడాదే, ఒక బడిలో అయిదో తరగతి అమ్మాయి ప్రార్థన సమయంలో కుప్పకూలింది. మూత్రంలో మొదలైన ఇన్ఫెక్షను కిడ్నీలకు పాకింది. కారణం మన కార్యాలయమే. కుళాయిలు విరగ్గొడుతున్నారని, మొదటి గంట కొట్టగానే మరుగుదొడ్లకు తాళం వేసి విరామంలో మాత్రమే తీయాలని ఇక్కడినుంచి ఉత్తర్వు వెళ్లింది. విరామంలో వరస కదిలేలోపు మళ్లీ గంట కొట్టేవారు. అందుకని ఆ పిల్ల నీళ్లు తాగడమే మానేసింది. ఈ రోజుకీ ఆమెకు ఒక కిడ్నీ సరిగా పనిచేయదు.

పిల్ల తల్లి బట్టలు కుట్టే టైలరు. మెడలో కొలతల టేపుతోనే ఆఫీసుకు వచ్చారు. ఉత్తర్వు మీద సంతకం చేసిన ఉప సంచాలకులు ఆమెను నిలబెట్టే మాట్లాడారు.

"ఇంట్లో అలవాట్లు సరిగా లేకపోతే మేమేం చేస్తామమ్మా?"

"అలవాట్లు మా ఇంట్లోవే సార్. తాళం మీది కదా?"

బయటకు పంపించేశారు. మేడమ్ గారు వెనకే వెళ్లి వరండాలో పట్టుకున్నారు.

"ఒక్కదానివే వస్తే ఏడుపంటారు తల్లీ. పదిమందిని తీసుకురా."

"పదిమందొస్తే గొడవంటారు మేడమ్."

"అందుకే దానికో పేరు పెడదాం. మండలి అన్నామనుకో, వీళ్లే కుర్చీలేస్తారు."

అలా పుట్టింది తల్లిదండ్రుల ఆరోగ్య సలహా మండలి. సాయంత్రాలు బడి గేట్ల దగ్గర నిలబడి టైలరమ్మ, మేడమ్ గారు కలిసి ఒక్కొక్కరినే ఒప్పించారు. నిబంధనలు మేడమ్ గారే రాశారు. పిల్లల అమ్మానాన్నలకు, వారిని పెంచే అమ్మమ్మ తాతయ్యలకు, నానమ్మలకు మాత్రమే ఓటు. ఈ కార్యాలయ ఉద్యోగులెవరికీ లేదు. మండలిని రద్దు చేయాలంటే సభ్యులే ఒప్పుకోవాలి.

"మీక్కూడా ఓటు లేదా అక్కా?" అని అడిగాను.

"నాకుంటే, నన్నొక్కదాన్ని బదిలీ చేసి మండలిని చంకన పెట్టుకుపోతారు. నేను వెనక కుర్చీలో కూర్చుంటాలే."

టీ తాగి ఫోటో దిగే వ్యవహారమనుకుని, చదవకుండానే ఆమోదించారు మనవాళ్లు.

ప్రారంభ సభను మేడమ్ గారు పట్టుబట్టి ఆ అమ్మాయి బడిలోనే పెట్టించారు. మండుటెండ. ఉపన్యాసాలు సాగుతున్నాయి. వేదిక మీది గ్లాసు ఖాళీ అవడమే ఆలస్యం, టైలరమ్మ నింపేస్తున్నారు. కాసేపటికి ఉప సంచాలకులు మెల్లగా లేచి నడవాలోకి వెళ్లారు. అక్కడ తాళం, తాళం ముందు వాచ్‌మన్.

"విరామం గంట కొట్టాక తీస్తాను సార్. తమరి ఉత్తర్వే."

ఆయన తిరిగొచ్చి మేడమ్ గారి చెవిలో ఏదో అన్నారు. ఆ గుసగుసకు జవాబు సైరన్ గొంతుతోనే వచ్చింది. "ఓర్చుకోండి సార్! పిల్లలు రోజూ ఓర్చుకుంటున్నారుగా!"

"ఇంకో గ్లాసు పోయమంటారా సార్?" అన్నారు టైలరమ్మ.

హాలంతా పగలబడి నవ్వింది. టైలరమ్మ మాత్రం నవ్వలేదు. ఆ వారంలోనే జిల్లా అంతటా తాళాలు ఊడాయి. అవి ఊడదీయించిన ఘనత తనదేనని పైవారికి చెప్పుకుని ఆ ఉప సంచాలకులు సంచాలకులయ్యారు. నేటి వీడ్కోలు సభకు అధ్యక్షులు కూడా వారే. ఈ పేరా వారు తప్పక చదవాలని నా కోరిక.

మండలి అక్కడితో ఆగలేదు. ఉబ్బసం ఉన్న పిల్లల మందును తరగతి గదిలోనే ఉంచేలా చేసింది, తాగునీటి ట్యాంకులు కడిగించింది. అడిగిన ప్రతిసారీ మన పై అంతస్తుకు తలనొప్పే. అందుకే కాబోలు, మేడమ్ గారి విరమణ తేదీ ఖరారవగానే మండలిని అధికారుల కమిటీలో కలిపేద్దామన్న ప్రతిపాదన తయారైంది. వచ్చే గురువారం సభ్యుల ఓటు. ఆమె వెనక కుర్చీలో లేకపోతే టైలర్లు, డ్రైవర్లు బెదిరి తలూపుతారని లెక్క. ఒక పిల్ల కిడ్నీ పాడయ్యాక వచ్చిన మండలిని, ఒక పూలదండ చాటున పూడ్చేద్దామని!

మొన్న ఒళ్లు మండి అడిగాను: "ఇంత జరుగుతుంటే సొరుగు సర్దుకుంటూ కూర్చున్నారేంటక్కా?"

"సోమవారం మా మనవరాలిని మన బళ్లోనే చేరుస్తున్నా. కొడుకూ కోడలూ డ్యూటీలకి పోతే దాన్ని పెంచేది నేనేగా? అప్పటికి ఈ ఆఫీసు ఉద్యోగినీ కాను. చదువుకో నిబంధన."

చదువుకున్నాను. సంచాలకులవారు కూడా ఇప్పుడైనా చదువుకోవాలి.

మేడమ్ గారూ, మీరు కలకాలం ఆరోగ్యంగా ఉండాలి. మీ మోకాళ్లు మీ మాట వినాలి. మీ గొంతు ఒక్క మెట్టు కూడా దిగకూడదు. మీ మనవరాలు పెద్దదై బడి దాటేదాకా, ఆ తర్వాత ఆమె పిల్లలు చేరేదాకా, మీరు ముందు వరసలో కూర్చుని చెయ్యెత్తుతూనే ఉండాలి.

గురువారం సభకు అధికారులందరికీ ఆహ్వానం ఉంది. మంచినీళ్ల బాధ్యత టైలరమ్మ గారు తీసుకున్నారు.