మూసినా తెరిచే ఉన్న కొట్టు

మాలకొండయ్య అని ఒకాయన, నొప్పుల నూనె కాసేవోడంట. వాళ్ళ తాత కాడ్నుంచీ అదే పని. వావిలాకు, జిల్లేడాకు, ఇంకా ఏవో ఆకులు కోసుకొచ్చి, దంచి పసరు తీసి, నువ్వుల నూన్లో పోసి కట్టెల పొయ్యి మీద కాసి కాసి సీసాలకి ఎత్తేవోడు. చింతలమెట్ట కాడ రోడ్డు పక్కనే కొట్టు. నడుం పట్టినోళ్ళు, మోకాళ్ళు లాగేవోళ్ళు, నాట్లేసి నాట్లేసి వంగిపోయిన ఆడోళ్ళు, అందరూ ఆయన కాడికే. మంచి నూనేలే, నేనూ రాసుకున్నా, అబద్ధమెందుకు చెప్పాలి. అయితే ఏమైందంటే, జనం మనిషిని అడగటం మానేశారు. ఏం కావాలన్నా ఫోన్నే అడుగుతన్నారు. నువ్వు నవ్వమాక పిల్లా, నీ ఒళ్ళో ఉందే, దాన్నే అంటన్నా. నడుం నొప్పికి నూనె యాడ దొరికిద్దని అడిగితే అది టౌన్లో కొట్లన్నీ చూపిచ్చిద్దంట, మాలకొండయ్య పేరు పొరపాట్న కూడా ఎత్తదంట. సీసాలు దుమ్ము పట్టిపోయినయి. పెళ్ళాం వెంగమ్మ పొద్దున్నే అయ్యి తుడిచేది, మళ్ళీ ఆడే పెట్టేది. తాత ముట్టిచ్చిన పొయ్యి నా చేతుల్లో ఆరిపోద్దేమోనని ఆయనకి ఒకటే బెంగ.

అట్టాంటప్పుడు వచ్చాడంట ఒకడు స్కూటరేసుకోని. ఫణీంద్రంట పేరు. ఇస్త్రీ చొక్కా, చేతిలో రెండు ఫోన్లు. చిన్న కొట్లోళ్ళ పేర్లు ఫోన్లో ముందుకి తెచ్చేదే నా పని, దాన్ని ఎస్‌ఈఓ అంటారు, టౌన్లో ఆఫీసులోళ్ళయితే నీ కొట్టమ్మినా చాలదు, నేను చవగ్గా చేసిపెడతా అన్నాడంట. అదెట్టయ్యా అని ఈయన అడిగితే, ఏముంది, జనం ఫోన్లో ఏ మాట కొడతారో ఆ మాట నీ కొట్టు పేరు పక్కన ఉండాలి, ఉంటే నిన్నే చూపిచ్చిద్ది అన్నాడు. సరే, నడుం నొప్పి, మోకాళ్ళ నొప్పి రాయమన్నాడు మాలకొండయ్య. వాడు నవ్వాడంట. ఆ మాటలు అందరూ రాసుకున్నయే, వాటితో నిన్ను ముందుకి తేవాలంటే బోలెడు ఖర్చు, చవగ్గా అవ్వాలంటే ఈ చుట్టుపక్కల ఎవురూ రాసుకోని మాటలు రాయాలి అన్నాడు. ఏందయ్యా అయ్యి అంటే, కామెర్లు, కుక్క కాటు, తేలు కాటు, పాము కాటు అని చదువుకుంటా పోయాడు. మాలకొండయ్య మధ్యలోనే ఆపాడు. "వాటికి నా కాడ మందు లేదు కదయ్యా" అన్నాడు. "ఉందని ఎవురన్నారు పెద్దాయనా? జనాన్ని నీ గుమ్మం కాడికి తేవటం వరకే నా పని. వచ్చినోళ్ళకి నూనె అమ్ముకో" అన్నాడు వాడు. వద్దందామనే అనుకున్నాడంట. సీసాల వంక చూశాడు, తుడుస్తన్న వెంగమ్మ వంక చూశాడు, తలూపాడు. ఒక్కసారి తలూపాడు, అంతే.

వాడిది మాటంటే మాటే. జనం రావటం మొదలెట్టారు. ముందు మామూలోళ్ళే, నడుములు, మోకాళ్ళు, మెడలు. మళ్ళీ పొయ్యి ముట్టిచ్చాడు, వెంగమ్మ మొకంలో కళొచ్చింది. నాలుగు రోజులు బాగానే ఉందనుకో. తర్వాత ఒకాయనొచ్చాడు, కళ్ళు పసుపు ముద్దలు. కామెర్లకి ఆకు పసరు పొయ్యవయ్యా అన్నాడు. నా కాడ లేదయ్యా అంటే నమ్మడు, ఫోను తీసి చూపిస్తాడు, ఇదుగో నీ పేరు, ఇదుగో కామెర్లు అంటాడు. ఇంకో తల్లి బిడ్డని చంకనేసుకోనొచ్చింది, పిక్క మీద కుక్క పళ్ళు దిగినయి. సూదెయ్యాలమ్మా, ఇప్పుడే పో, ఇప్పుడే అని మాలకొండయ్యే ఆటో మాట్లాడి పంపిచ్చాడు. ఆ రోజు నుంచి ఆటో ఆగితే చాలు, ఉలిక్కిపడతన్నాడు. ఫణీంద్రకి ఫోన్ చేస్తే పలకదు. మళ్ళీ చేస్తే, మళ్ళీ పలకదు. వెంగమ్మ అన్నదంట, అంత భయమైతే ఫోన్లో ఉన్న ఆ బోర్డు పీకి పారెయ్యవయ్యా అని. యాడుందే పీకటానికి? కొట్టు మీద ఉన్న బోర్డు అయితే నిచ్చెనేసుకోని పీకొచ్చు. ఇది ఊరూరా ఉంది, ఎవురి జేబులో పడితే వాళ్ళ జేబులో ఉంది, ఈయన చెయ్యి అందదు. తన పేరు తనకి తెలవకుండా ఎవుర్ని పిలస్తా తిరుగుతుందో, ఎవుర్ని యాడ్నుంచి లాక్కొస్తందో అని కూచ్చున్న చోట కూచ్చోలేడు. టౌన్లో ఇదే పని చేసే ఇంకోణ్ణి అడిగితే, దాన్ని మార్చే తాళం రాసినోడి కాడే ఉంది పెద్దాయనా, తీపిచ్చమని అర్జీ పెడతా గానీ ఎప్పటికి తీస్తారో చెప్పలేను అన్నాడంట.

ఇంక ఇనండి. మంచి ఎండ, మిట్టమధ్యాహ్నం. ట్రాలీ ఆటో ఒకటి దుమ్ము లేపుకుంటా వచ్చి కొట్టు ముందు ఆగింది. దాంట్లో మిరపకాయ కోతకి పోయిన కూలోళ్ళు, మధ్యలో ఒక పిల్ల పడుకోనుంది. రూతమ్మంట పేరు, ఇరవై ఏళ్ళు కూడా ఉండవు. వాళ్ళన్న ఏసోబు ఒక చేత్తో దాని తల పట్టుకోనున్నాడు, ఇంకో చేతిలో ఫోను. ఆ ఫోన్లో ఆడమనిషి, మీరు మీ గమ్యస్థానానికి చేరుకున్నారు అని చల్లగా చెప్పిందంట. ఏసోబు దూకి, తాతా, పురుగు ముట్టింది, మా చెల్లెల్ని చూడు తాతా అన్నాడు. మన పక్క దాని పేరు ఎత్తం గదా, పురుగంటేనే అర్థం. మాలకొండయ్య ఆటోలోకి తొంగి చూశాడు. పిల్ల కనురెప్పలు వాలిపోతన్నయి, లేపుదామంటే లేవటంలా. ఏదో చెప్పబోయింది, నాలిక తిరగలా. కాలి మీద రెండు చుక్కలు. అప్పుడు ఆయనకి ఒక మాట తట్టిందంట. వీళ్ళు వచ్చింది పడమటి పక్క నుంచి. "అబ్బాయా, దారిలో మలుపు కాడ పెద్దాస్పత్రి ఉంది గదా?" అన్నాడు. "ఉంది తాతా. దాని గేటు ముందు నుంచే వచ్చాం. ఫోను ఇంకా ముందుకి పొమ్మంది" అన్నాడు ఏసోబు.

ఆస్పత్రి దాటుకోని వచ్చారు, ఇనపడుతుందా మీకు? ఈయన పేరు చూసుకోని, ఆస్పత్రి దాటుకోని వచ్చారు. మాలకొండయ్య చెప్పులు కూడా ఏసుకోకుండా ఆటో ఎక్కి, తిప్పరా ఎనక్కి అని అరిచాడంట. పిల్ల కాలు కదలకుండా ఒళ్ళో పెట్టుకోని, అమ్మా రూతమ్మా, కళ్ళు తెరువమ్మా అని దారంతా అదే మాట. గేదెలు అడ్డమొస్తే ఏడ్చాడంట ముసలాయన. ఆస్పత్రోళ్ళు పిల్లని లోపలికి ఎత్తుకపోయి ఏవో గొట్టాలు పెట్టారు. ఏసోబు, మాలకొండయ్య వరండాలో గోడకి ఆనుకోని కూచ్చున్నారు పొద్దు వాలిందాకా. డాక్టరమ్మ బయటికొచ్చి, బతికిద్ది, ఇంకాసేపు ఆలస్యమయ్యుంటే నా చేతిలో కూడా ఉండేది కాదు అన్నదంట. ఏసోబు కొడతాడనుకున్నాడు ఈయన. కొట్టినా బాగుండేది. ఆ పిల్లోడు నెమ్మదిగా, "నీ కాడ మందు లేనప్పుడు ఎందుకు రాపిచ్చావు తాతా?" అని అడిగాడు. నూనె అమ్ముకోవటానికి అని ఈయన ఎట్ట చెప్తాడు?

ఆ మర్నాడే కొట్టుకి తాళమేశాడు. ఏస్తే ఏం లాభం, ఫోన్లో మాత్రం తెరిచే ఉన్నట్టు చూపిస్తందంట. తాళమేసిన తలుపు ముందు ఆటోలు ఆగుతున్నయి, బాదుతున్నారు. వెంగమ్మ కంట పడితే ఆస్పత్రికి తోలుద్ది, లేనప్పుడొచ్చినోళ్ళు ఏమయ్యారో ఎవురికి తెలుసు? అందుకని ఏం చేశాడంటే, బుట్టలో నాలుగు సీసాలు పెట్టుకోని పోయి ఆ మలుపు కాడే, ఆస్పత్రి గేటు ముందరే కూచ్చున్నాడు. నూనె అమ్మేది తక్కువ, రోడ్డు చూసేది ఎక్కువ. ఆటో వేగంగా వస్తా, ముందు కూచ్చున్నోడు ఫోను చూసుకుంటా ఉన్నాడంటే చాలు, లేచి రోడ్డుకి అడ్డం పడతాడు, ఈడే నాయనా ఈడే, ముందుకి పోమాకండి, ఆడ ఏం లేదు అని. తిట్టేవోళ్ళు తిడతారు, ఆగేవోళ్ళు ఆగుతారు. పిచ్చోడనుకునేవోళ్ళూ ఉన్నారు. మీకెప్పుడన్నా నడుం పడితే ఆ గేటు కాడికే పోండి, నూనె మంచిదే. ఫోన్లో మాత్రం ఎతకమాకండి, అది మిమ్మల్ని తాళమేసిన కొట్టు కాడికే తోలిద్ది.