నా తొలి వేషం

పేరున్న నటుడొకడు తన ఆత్మకథ మొదటి పేజీలు తల్లికి చదివి వినిపిస్తున్నాడు. ఒకప్పుడు ఆ కుటుంబానికి సొంత నాటక సమాజం ఉండేది. అందులో ఆమే నాయిక.

“...‘అప్పటికి నాకు నాలుగేళ్ళు. చివరి అంకంలో అమ్మ చనిపోయి పడి ఉంది. తెర పక్కనుంచి పరిగెత్తుకొచ్చి, అమ్మ మీద పడి గుండెలవిసేలా ఏడ్చాను. హాలు హాలంతా నాతోపాటు ఏడ్చింది. నటన నాకు ఒకరు నేర్పింది కాదు, పుట్టుకతోనే వచ్చింది.’ ఎలా ఉందమ్మా?”

“బానే ఉంది. టీ చల్లారిపోతోంది, తాగు.”

“బానే ఉందంటే?”

“బానే ఉందంటే బానే ఉంది. ఆ ‘పుట్టుకతోనే’ అన్న ముక్క తీసెయ్.”

“ఏం, దిష్టి తగులుతుందా?”

“తీసెయ్ రా. అంతే.”

“ఎందుకో చెప్పు, తీసేస్తాను.”

“నువ్వు నటించలేదు.”

“ఏంటీ?”

“నటించలేదంటున్నాను. నిన్ను పట్టుకుని కూర్చోవాల్సిన మీ అత్త చీర మార్చుకుంటోంది. నువ్వు తప్పించుకొచ్చేశావు. నేను నిజంగానే పోయాననుకున్నావు.”

“ఆ ఒక్క రోజేగా? తర్వాత తెలిసే ఉంటుంది.”

“ఎవరు చెబితే తెలుస్తుంది?”

“నాన్న...”

“మీ నాన్నే చెప్పొద్దన్నారు. చెబితే ఆ ఏడుపు రాదన్నారు. మర్నాటి నుంచి దాన్ని నాటకంలో కలిపేశారు. ఆ అంకం వచ్చేదాకా నిన్ను మేకప్ గదిలో ఆడించేవాళ్ళు. నేను పడిపోగానే తలుపు తీసేవాళ్ళు.”

“ప్రతి ఆటకీనా?”

“ప్రతి ఆటకీ.”

“ప్రతి ఆటకీ నువ్వు... మరి నువ్వు లేచొస్తే?”

“తెర పడగానే ఎత్తుకునేదాన్ని. ‘వచ్చేశావా అమ్మా’ అని మెడ కరుచుకుపోయేవాడివి. మొహం కడుక్కోనిచ్చేవాడివి కాదు.”

“నువ్వైనా చెప్పొచ్చుగా!”

“చెప్పాను. ‘అమ్మకేం కాలేదు కన్నా, అదంతా ఆట’ అన్నాను. నీకేం తెలుస్తుంది? ఆటంటే నీకు బంతి.”

“వెయ్యనని మొండికెయ్యాల్సింది.”

“అదీ అయింది. మీ తాత, మీ నాన్న, మీ అత్త, అందరూ నా మీదికే లేచారు. జనం నీకోసమే వస్తున్నారట. ఆపడానికి నేనెవర్ని?”

“కనీసం కళ్ళు తెరిచి ఒక్కసారి నాకేసి చూసినా...”

“శవం కళ్ళు తెరుస్తుందా నాయనా? నా రెప్పలు వేళ్ళతో పైకి లాగేవాడివి. ఊపిరి బిగబట్టి పడుకునేదాన్ని. నీ కన్నీళ్ళు నా మొహం మీద పడుతుంటే తుడవడానికి చెయ్యెత్తలేను. ‘ఉన్నాన్రా’ అనలేను.”

“నాకేం గుర్తు లేదమ్మా. ఒక్కటీ గుర్తు లేదు.”

“లేకపోవడమే మంచిది.”

“ఇప్పుడిది ఎలా రాయను? అడుగుదామంటే నాన్న లేరు.”

“రాయొద్దులే. ఆ ముక్క తీసెయ్, చాలు.”

“మరి ఎప్పుడు ఆపారు?”

“ఆపలేదు. నీకే తెలిసిపోయింది.”

“తెలిసిందని నీకెలా తెలుసు?”

“ఒకరోజు ఇంక నావల్ల కాలేదు. ఏమైతే అదవుతుంది, లేచి నిన్ను ఎత్తుకుందామని తల కదిపాను. నువ్వు నా మీద పడి వెక్కి వెక్కి ఏడుస్తూనే, చెవి దగ్గరికొచ్చి అన్నావు...”

“ఏమన్నాను? చెప్పమ్మా, ఏమన్నాను?”

“‘లేవకమ్మా, ఇంకా చప్పట్లు కొట్టలేదు’ అన్నావు.”