బయట బిగించిన గడియ

మధ్యాహ్నం వేళ, మేడమీది గదిలో అక్క బొమ్మల కథ గీస్తోంది. చెల్లెలు పక్కన కూర్చుని ఆ బొమ్మల్లో నల్లసిరా నింపుతోంది. వారం వారం పత్రికలో వచ్చే రాజుగారి ప్రేమకథ అది.

"ఇదేంటక్కా, రాణి కోట దాటి వెళ్ళిపోతోంది? పోయిన వారమేగా రాజు ఆవిణ్ణి గదిలో పెట్టి గడియ వేశాడు! చదివినవాళ్ళంతా 'అబ్బ, ఎంత ప్రేమో' అని మురిసిపోయారు కూడా."

"మీ బావా మురిసిపోయాడు. మర్నాడే ఈ తలుపుకి బయట గడియ బిగించాడు."

చెల్లెలి చేతిలో కుంచె ఆగిపోయింది. ఇందాక ఆ గడియ తీసుకునే తను లోపలికొచ్చింది. గాలికి తలుపు కొట్టుకోకుండా పెట్టించారేమో అనుకుంది.

"వేళాకోళం కాదు కదా?"

"మొదటిరోజు నేనూ వేళాకోళమే అనుకుని నవ్వాను. ఇప్పుడు ప్రతి పేజీ తను చదివాకే పంపిస్తాడు. రాణి ఎదురు చెబితే చింపేస్తాడు."

"మరి ఇది చూస్తే?"

"చూసేలోపు వెళ్ళిపోవాలనే నిన్ను రమ్మన్నా."

కింద బండి ఆగింది. చెల్లెలు కిటికీలోంచి తొంగిచూసింది.

"బావ వచ్చేశాడే!"

"వెనక మెట్లున్నాయి. చెప్పులు చేత్తో పట్టుకో."

పేజీలు గుండెలకి హత్తుకుని ఇద్దరూ మెట్లు దిగారు. సందులోకి వచ్చేసరికి మేడమీద నుంచి పిలుపు వినిపించింది. అక్కని పేరు పెట్టి, ఎంతో ముద్దుగా పిలుస్తున్నాడు.

"నువ్వు పలుకుతావేమోనని భయంగా ఉందక్కా."

"నాకూ అదే భయం. చెయ్యి గట్టిగా పట్టుకో."