కొండకి కుట్టు విప్పిన టైలరు

సామానంతా వ్యానెక్కింది. కుట్టుమిషను ఎక్కింది, ఇస్త్రీ బల్ల ఎక్కింది, పరుపులూ గిన్నెల మూటా ఎక్కాయి. ఎక్కనిదల్లా టైలరు ఒక్కడే. ఎదురుగా టీకొట్టు బల్ల మీద కాలు మీద కాలేసుకుని కూర్చుని, కొండ మీద ఇల్లు తనెలా కొన్నాడో చెబుతున్నాడు.

కథ చిన్నగానే మొదలైంది. బస్సు మరీ నెమ్మదిగా పోతోందని మొదటి మలుపులోనే దిగిపోయానన్నాడు. అందులో వింతేముంది? టీకొట్టాయన గ్లాసులు కడుగుతూ ఊ కొట్టాడు. బావమరిది వ్యానుకి తాడు బిగిస్తూ ఊ కొట్టాడు. ఊ కొట్టేవాళ్ళు దొరికితే టైలరు నోటికి తాళం ఉండదు. దిగి అడ్డదారిన పడ్డాడట. దారిలో మేకలు రొప్పుతూ కూలబడి ఈయన్ని చూసి తలొంచుకున్నాయట. పైకెళ్ళి, కాళ్ళు కడుక్కుని, ఓ కునుకు తీసి లేచాక వచ్చిందట బస్సు.

టైలరు భార్య మూసేసిన తమ కొట్టు మెట్టు మీద కూర్చుని వింటోంది. నలుగురిలో నోరు విప్పాలంటే ఆవిడకి చచ్చేంత సిగ్గు. కాజాలు కుట్టుకుంటూ సగం జీవితం అద్దె గదుల్లోనే వెళ్ళిపోయింది. గోడకి మేకు కొట్టాలన్నా ఇంటాయన్ని అడగాలి, చుట్టాలొస్తే నీళ్ళు ఎక్కువ తోడారని సణుగుడు భరించాలి. కొండ మీద ఇళ్ళు చవకని విని, తమకందేది అదొక్కటేనని పట్టుబట్టి కొంది. అక్కడివాళ్ళు చాలామంది పనుల కోసం కిందికి దిగిపోయారు. మిగిలినవాళ్ళది ఒకటే షరతు, కొన్నవాళ్ళు వచ్చి కాపురం ఉండాలి. తాళం వేసుకుని పోయేవాళ్ళకి ఇవ్వరు. పక్కింట్లో పొయ్యి వెలగకపోతే వాళ్ళకి ధైర్యం చాలదట. వానలు పడేలోగా రాకపోతే డబ్బు తిరిగిచ్చేసి ఇల్లు ఇంకెవరికైనా ఇస్తామన్నారు. కిందటిసారి వ్యాను మాట్లాడితే టైలరుకి కడుపునొప్పి వచ్చింది. అంతకుముందు పెళ్ళివారి జాకెట్లు అడ్డొచ్చాయి. ఇప్పుడు ఆకాశం నల్లబడుతోంది.

"అసలు సంగతి ఇంకా చెప్పలేదురా," అంటున్నాడు టైలరు. "ఇల్లు చూద్దును కదా, వెనక కొండ వచ్చి వీపు మీద పడుతోంది. చంకలో బిగుసుకున్న జాకెట్టులా ఇల్లు ఊపిరాడక గిలగిల్లాడుతోంది. ఎవడయ్యా ఈ కొండని కుట్టింది, బుద్ధుందా వాడికి అన్నాను. టేపు తీశాను. టేపు చాల్లేదు. నీడ పడేదాకా ఆగి నీడని కొలిచాను. ఆ తర్వాత ఏం చేశానో తెలుసా? కొండకి పక్క కుట్టు ఎక్కడుందో వెతికి, బ్లేడుతో విప్పి, రెండంగుళాలు వదులు చేశాను. ఇల్లు హమ్మయ్య అంది. నా చెవులారా విన్నాను."

"కొండ ఊరుకుందా బావా?"

ఊరుకోకేం, పక్కనున్న కొండ కూడా వచ్చి వరసలో నిలబడిందట, నాది కూడా కాస్త వదులు చెయ్యమని. వచ్చే వారం రమ్మన్నాడట.

టీకొట్టాయన గ్లాసు పక్కన పెట్టేసి నవ్వాడు. ఇరవై ఏళ్ళుగా ఆయన చొక్కాలు కూడా వచ్చే వారానికే కదా.

నవ్వేసరికి టైలరుకి ఊపొచ్చింది. గాలికి ఇంటి కప్పు లేచిపోతుంటే గోనెసంచుల దబ్బనం తీసి నాలుగు టాకాలు వేశాడట. తెల్లారి పొగమంచు పిలవని చుట్టంలా ఇంట్లోకి వస్తే, వచ్చిందాన్ని వచ్చినట్టు కత్తిరించి, నాలుగు గోడల కిటికీలకీ కర్టెన్లు కుట్టేశాడట.

"ఉతికితే కుంచించుకుపోదా మరి?" అన్నాడు బావమరిది.

"ముందే తడిపి ఆరేశానురా. నాకు చెబుతావా?"

ఆవిడకి తన మాటలే తిరిగి వినిపిస్తున్నాయి. కొండ ఇంటి వీపుకి ఆనుకుని ఉందని, కప్పు మీద గాలి పాడుతుందని, మంచు గుమ్మం దాటి లోపలికొస్తుందని ఆయనకి చెప్పింది తనే. ఇంకోటి కూడా తెలుస్తోంది. ఈ కథ ఆగితే ఆయన బండెక్కాలి. అందుకే ఆపడం లేదు.

వ్యాను డ్రైవరుది ఆ కొండ ఊరే. ఇందాకట్నుంచి నోరు మెదపకుండా టీ తాగుతున్నాడు. ఇప్పుడు కంగారుగా అడిగాడు. "మాస్టారూ, మా పైన కొండవైపు గోడకి ఎవరూ కిటికీ పెట్టరండీ. వాన నీళ్ళన్నీ ఆ గోడ మీదికే దిగుతాయి. నాలుగు గోడలకీ కిటికీలంటున్నారు, మీకు ఏ ఇల్లు చూపించారో ఏంటో. మోసం గానీ జరగలేదు కదా?"

టైలరు తన భార్య వైపు చూశాడు. ఎప్పుడూ అంతే. మాట ఎక్కడైనా చిక్కుకుంటే ఆవిడ వైపు చూస్తాడు, ఆవిడ అవునండీ అంటుంది.

ఈసారి ఆవిడ లేచి నిలబడింది. కొంగు గుప్పిట్లో పట్టుకుంది.

"మోసమేం లేదు బాబూ. ఆయన ఏ ఇల్లూ చూడలేదు. మొదటి మలుపులో బస్సు దిగింది నిజమే. లోయ చూసి కళ్ళు తిరిగాయి. నేను పైకెళ్ళి ఇల్లు మాట్లాడుకుని దిగొచ్చేదాకా అక్కడే రాయిని పట్టుకు కూర్చున్నారు. నేను మూరెడు చెబితే ఈయన బారెడు చేశారు, అంతే."

బావమరిది పగలబడి నవ్వాడు. టైలరు ముఖం చిన్నబోయింది.

"నవ్వకురా," అంది ఆవిడ తమ్ముడితో. భర్త వైపు తిరిగింది. "ఈ వ్యాను నేను వెనక్కి పంపనండీ. మీరు రాకపోతే మిషను నేనే తొక్కుతాను, వచ్చీ రాని కుట్లే కుడతాను. అక్కడ టైలరు లేడు, సర్దుకుంటారు. వస్తే మాత్రం, కొండకి మీరేం చెయ్యక్కర్లేదు. ఊరికే నా పక్కన కూర్చోండి."

టైలరు ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. లేచి, చొక్కా సర్దుకుని, డ్రైవర్ని అడిగాడు.

"దారిలో లోయ ఏ వైపుంటుందయ్యా?"

"ఎడమ వైపండి."

"అయితే నువ్వు అటు కూర్చో," అన్నాడు భార్యతో, గొంతు తగ్గించి.

ఆవిడ అప్పటికే ఆ వైపు తలుపు తీసి నిలబడింది. ముందు ఆయన్ని ఎక్కించి, తర్వాత తనెక్కింది. వ్యాను ఇంకా టీకొట్టు ముందు నుంచి కదల్లేదు, టైలరు అప్పుడే కళ్ళు గట్టిగా మూసేసుకున్నాడు. దిగలేదు మాత్రం.