అడ్డపొగ ఒగ్గీసిన మసేనమ్మ

మసేనమ్మ సుట్ట ముట్టించి, నిప్పున్న కొస నోట్లో ఎట్టుకుందంటే, నెత్తిమీద సేపల గంపతోటి మూడూల్లు తిరిగొచ్చీదంట. నిప్పు బయటుంటే సముద్రపు గాలికి ఆరిపోతాది కదా, అందుకే మన ఆడోల్లు నిప్పు లోపలికెట్టి తాగుతారు. అడ్డపొగ అంతారు దాన్ని. మీకు తెలీందేటి, మీ అమ్మలూ తాగినోల్లే. మసేనమ్మకి పదకొండో ఏట అబ్బినాదది. ఆల్లమ్మ వల బాగుసేసుకుంటా, "ఓలె గుంటా, పొయ్యికాడికెల్లి ఈ సుట్ట ముట్టించి అట్టుకురా" అనీదంట. ముట్టించాలంటే ఒక దమ్ము లాగాల కదా. అలగ ఒక దమ్ము, రెండు దమ్ములు, ఆకరికి రోజుకి ఆరు సుట్టలయిపోనాయనుకో. మొగుడు ఎర్రయ్య మీద కోపమొచ్చినా సుట్టే, తెప్ప మీద ఎల్లినోడు బేగి రాకపోయినా సుట్టే, సేపలమ్ముడైపోయి సంతోసమొచ్చినా సుట్టే.

అలాటి మనిసికి ఏటయిందంటే, యాబయ్యో ఏడు దాటినాక నోట్లో కారం తగిల్తే మంట. సేపల పులుసొండి తనే తిన్లేకపోనాది. ఏడి సేసిందనుకుని నాల్రోజులు మజ్జిగన్నం తిన్నాది. తగ్గనేదు. ఆ నెల్లోనే తుపాను షెల్టరుకాడ డాక్టర్లొచ్చి నోర్లు సూత్తన్నారంటే, సేపల గంప ఓ పక్కనెట్టి తనూ వరసలో నిలబడినాది. కుర్ర డాక్టరంట, టార్చి లైటేసి సూసినాడు. సూసినోడు ఓ అద్దం సేతికిచ్చి, "అమ్మా, నువ్వే చూసుకో" అన్నాడు. మసేనమ్మ అన్నేళ్ళలో తన అంగిలి తను సూసుకోనేదు. ఎవులు సూసుకుంతారు, మీరు సూసుకున్నారేటి? సున్నం కొట్టిన గోడలాగ తెల్లగా ఉన్నాది, మద్దిలో ఎర్రెర్రగా సుక్కలు. "ఇదింకా పుండు పడలేదమ్మా. ఇప్పుడు చుట్ట మానేస్తే తగ్గే అవకాశం ఉంది. మానకపోతే ముదిరిపోవచ్చు. ఏమవుతుందో మీ ఊళ్ళో చూసే ఉంటావు" అన్నాడు. సూసినాది. సూడకేటి! తన పెద్దప్ప నూకాలు నోట్లో పుండొచ్చి, గంజి సుక్క దిగక, మాట పడిపోయి, సేత్తో సైగలు సేసి సేసి పోనాది. ఆ సేతుల్నట్టుకుని కూకున్నది మసేనమ్మే.

ఒడ్డుకొచ్చి, తోటి ఆడోల్లందరి ముందూ సెప్పినాది, నాను సుట్ట ఒగ్గీత్తన్నానని. ఏటి మీరనుకుంతన్నారు, అందరూ మెచ్చుకున్నారనా? పగలబడి నవ్వినారంట. అందరికన్నా గట్టిగా నవ్వినోడు ఎర్రయ్య. "నువ్వా? ఒగ్గీడమా? సముద్రం ఉప్పు మానినరోజు నువ్వు సుట్ట మానుతావు" అన్నాడు. మసేనమ్మకి అరికాలి మంట నెత్తికెక్కినాది. "నవ్వండర్రా! నలబయ్యేళ్ళు నోట్లో నిప్పెట్టుకుని తిరిగినదాన్ని, నిప్పుకే బయపడనేదు. ఈ ఎండాకు ముక్క నాకు దొరా? ఇది లెగమంటే లెగాలా, కూకోమంటే కూకోవాలా? సోమారం ఎలుగొచ్చీసరికి నా నోట్లో సుట్టుంటే నా పేరు మసేనమ్మ కాదు!" అనీసినాది. అనడమైతే అనీసినాది గానీ, లోపల నావల్లవుతాదా అని బయమే పాపం. అది ఎవులికీ సెప్పనేదు.

షెల్టరుకాడ నర్సమ్మ సెప్పిన మాటలు మనసులో ఎట్టుకున్నాది. మానీడానికి ఒక రోజు ఎట్టుకో, ఆ రోజు నలుగురికీ సెప్పు, ఇంట్లో ఒక్క ముక్క ఉంచకు, మరీ కట్టమైతే ఆస్పత్రికి రా, దానికీ మందుంది, అన్నాదంట ఆవిడ. సోమారం పొద్దున్నే మసేనమ్మ ఇంట్లో ఉన్న సుట్టలన్నీ, పొగాకు కాడతో సహా, సూరులో దాసినవీ, బియ్యం డబ్బాలో దాసినవీ, అన్నీ లాక్కొచ్చి, సేపలు ఊరేసిన ఉప్పునీల్ల కుండలో ముంచీసినాది. పారీత్తే మల్లీ ఏరుకుంటానని తన సంగతి తనకి తెలుసు. ఆ కంపులోంచి తీసి ఎండబెట్టుకునీ సిగ్గుమాలిన పని మాత్రం సెయ్యను కదా, అనుకున్నాది.

మూడో రోజు సూడాల! తల పగిలిపోతన్నాది, సేతులు వణుకుతన్నాయి, నిద్దర నేదు. బేరమాడిన ఆవిణ్ణి పట్టుకుని "కొంటే కొను, నేకపోతే సముద్రంలోకెల్లి నువ్వే అట్టుకో" అని తిట్టీసినాది. ఇంటికొచ్చి ఏడిసినాది. నర్సమ్మ ముందే సెప్పినాది, మొదటి వారం ఇలగే ఉంతాది, అది నీ బుద్ది కాదు, ఒంట్లోంచి పొగాకు ఎల్లిపోతన్నాది, అని. ఇంకోటీ సెప్పినాది. తాగాలనిపించినపుడు అది గంటలు గంటలుండదంట, నాలుగైదు నిమసాలేనంట. మసేనమ్మకి అది బాగా ఎక్కినాది. సముద్రంలో అల కాదేటి మరి? లెగుత్తాది, మీదకొత్తాది, ఇరుగుతాది. దానికెదురుగా నిటారుగా నిలబడితే ముంచుతాది గానీ ఒంగుని నిలబడితే దాటిపోతాది. అంచేత తాగాలనిపించగానే ఒక సెంబుడు నీల్లు గుటకలు గుటకలుగా తాగీది. నోట్లో సోంపో, కొబ్బరి ముక్కో ఏసుకునీది. కూడు తిన్నాక ఎంటనే సుట్ట గుర్తుకొత్తాది కదా, ఆ యేలకి కూకోకుండ వల ముందరేసుకుని సెయ్యాడించీది. ఎర్రయ్య బీడీ తీత్తే, "నీ బీడీ నీ ఇట్టం, తాగితే ఒడ్డుకెల్లి తాగు. నా గడప లోపల పొగొచ్చిందా, కూడు కూడా ఒడ్డుమీదే" అనీది. ఎర్రయ్య గొణుక్కుంటా ఎల్లీవోడు.

తొమ్మిదో రోజు ఏటయిందంటే, వర్షం పట్టుకున్నాది, గంపలో సేపలు సగం మిగిలిపోనాయి. కల్వర్టుకాడ ఎప్పుడూ ఆగి సుట్ట తాగీ సోటది. తోటి మనిసి ముట్టించి సేతికిచ్చినాది. మసేనమ్మ తీసుకుని రెండు దమ్ములు లాగీసినాది. మూడో దమ్ముకి, ఏటిది నాను సేత్తన్నది, అని విసిరికొట్టి, తడుసుకుంటా ఇంటికొచ్చినాది. దాసుకోనేదు, మొగుడికి సెప్పీసినాది. ఎర్రయ్య "నాను సెప్పనేదా?" అన్నాడు. మసేనమ్మ లెగిసి నిలబడినాది. "ఏటి సెప్పినావు? వలలో ఒక కన్ను తెగిందని వలంతా తగలెట్టీత్తావేటి? కుట్టుకుని మల్లీ ఏత్తావు. నా ఎనిమిది రోజులూ నావే, నువ్వు తీసీలేవు!" అన్నాది. మర్నాటి నుంచి ఆ కల్వర్టు తోవ మానీసి, కొబ్బరితోటలమ్మట సుట్టు తిరిగి ఎల్లీది. కోసు దూరం ఎక్కువ. అయినా సరే.

అలగ మూడు నెల్లయినాయి. అపుడొచ్చినాది అసలు గండం. సిన్న కూతురు బంగారికి పక్కూరి సంబందం. పిల్లా పిల్లోడూ ఒకల్నొకలు ఇట్టపడినోల్లే. మాటకాయం సేసుకోడానికి ఎల్లినారు. ఆ ఇంట్లో పిల్లోడి నాయనమ్మ పెదపోలమ్మదే మాట. ఆల్లింటి మర్యాద ఏటంటే, ముసలమ్మ తన సేత్తో సుట్ట ముట్టించి పిల్ల తల్లికిత్తాది, ఆవిడ దమ్ము లాగితే మాట కుదిరినట్టు. ముసలమ్మ ముట్టించి, "తాగమ్మా" అని సేతికిచ్చినాది. ఆ వాసనకి మసేనమ్మ నోట్లో నీల్లూరినాయి. తలుపు సాటున బంగారి కళ్ళప్పగించి సూత్తన్నాది. ఎర్రయ్య సెవిలో, "ఒక్క దమ్మే, పిల్ల బతుకు, లాగీ" అంతన్నాడు. ఇపుడు సెప్పండి, మీరైతే ఏటి సేద్దురు?

మసేనమ్మ సుట్ట అట్టుకుని, పక్కనున్న మంచినీల్ల గళాసులో ముంచీసినాది. సుయ్యిమన్నాది. ముసలమ్మ మొకం నల్లబడిపోనాది. "మా సెయ్యి కాదంతావా?" అన్నాది. "నీ సెయ్యి కాదనను. కావాలంటే నీ కాలికి దండమెట్టి మాటిత్తాను. సుట్ట మాత్రం తాగను. ఆడపిల్లనిత్తన్నాను గానీ నా అంగిలినివ్వడానికి రానేదు. మా అప్ప నోట్లో పుండుతో పోనాది, నాను పోను! పోనే పోను! ఈ పొగ నేకపోతే కుదరని సంబందమైతే, అది సంబందం కాదు, పొగే!" అన్నాది. ఎర్రయ్య తల పట్టుకున్నాడు. పిల్లోడి మేనమామలు లెగిసి నిలబడిపోనారు. మసేనమ్మ ఆగనేదు, నోరు తెరిసి, "సూడు, ఇది సుట్ట సేసిన పని, తెలుపింకా పూర్తిగా పోనేదు" అని ముసలమ్మ ముందర ఒంగినాది.

పెదపోలమ్మ మనవడి సెల్లు లైటు అడిగి తీసుకున్నాది. సాలాసేపు సూసినాది. లైటార్పీసి, అందరినీ బయటికెల్లమన్నాది. ఎల్లినాక, గొంతు తగ్గించి, "నీకు కారం తిన్లేకపోడం ఎపుడు మొదలైనాది?" అనడిగినాది. మసేనమ్మ సెప్పినాది. అపుడా ముసలమ్మ, ఊరందరినీ దడిపించీ ముసలమ్మ, మెల్లిగా తన నోరు తెరిసినాది. మసేనమ్మ లైటేసి సూసినాది. తెల్ల మచ్చొకటే కాదు, దాని పక్కన పుండు. "ఏడాది నుంచీ ఎవులికీ సెప్పనేదమ్మా" అన్నాదంట పెదపోలమ్మ. "నాకు సెప్పినావు కదా, సాలు. రేపు పొద్దున్న నాతో వొత్తన్నావు. రాకపోతే జుట్టట్టుకుని ఈడుసుకెల్తాను" అన్నాది మసేనమ్మ. ముసలమ్మ నవ్వినాది, ఏడిసినాది.

పెద్దాస్పత్రికి తీసుకెల్తే ముక్క తీసి పరీచ్చ సేసినారు, కోత కోసినారు, మిగిలిన రోగం మాడిపోడానికి మిసను కింద పడుకోబెట్టి కరెంటెట్టినారు. మాట కొంచెం ముద్దయినాది గానీ మనిసి నిలబడినాది. బంగారి పెల్లికి ముసలమ్మ మెత్తటన్నం తింటా పందిట్లోనే కూకున్నాది. మసేనమ్మ మచ్చ ఏడాదికి సాలా మట్టుకు తగ్గినాది, ఇప్పటికీ నెలనెలా ఎల్లి నోరు సూపించుకుంటాది.

అదండీ సంగతి. ఒగ్గీత్తానంటే ఊరు నవ్వుతాది. నవ్వనీండి. నవ్వినోడొచ్చి మీ నొప్పి పడడు కదా. నా సంగతేటంతారా? నాకు పొగలవాటు నేదు గానీ వాగుడలవాటుంది, దానికింకా ఏ డాక్టరూ మందు కనిపెట్టనేదు. లెగండి, లెగండి, నాను కూడొండుకోవాల.