గేటు ముందు తుఫాను

డాక్టరు ఇంకా రాలేదన్నారు. కొడుకు తల్లిని తీసుకొచ్చి ఆసుపత్రి పక్కనున్న టీకొట్టు బల్లమీద కూర్చోబెట్టాడు.

పెద్దావిడకి మతిమరుపు మొదలైందేమోనని ఇంట్లో అనుమానం. మొన్న టీవీలో తుఫాను వార్త వస్తుంటే, "ఇది పోయినేడు వచ్చిందేగా" అంది. "లైవ్ అమ్మా, ఇప్పుడే జరుగుతోంది" అన్నాడు కొడుకు. "కాదురా, చూశాను" అని పట్టుబట్టింది. కొడుకూ కోడలూ మొహాలు చూసుకున్నారు. ఆ చూపు ఆవిడ కంటపడింది. అప్పట్నుంచీ ముద్ద దిగడం లేదు. తనకి నిజంగానే మతి జారిపోతోందా?

టీకొట్టుకి ఎదురుగానే ఆ తుఫాను చూపించిన వార్తల చానెల్ ఆఫీసు. అక్కడి కెమెరామన్‌ని అందరూ లైవ్ బాబాయ్ అంటారు. గ్లాసు చేతికొస్తే ఆయన నోటికి గడియ ఉండదు.

"మొన్నటి తుఫాను చూపించింది ఎవరనుకున్నారు? ఈ చేతులే. నిజం చెప్పొద్దూ, ఆ రోజు పడింది నాలుగు చినుకులు. మా గేటు ముందు గుంటలో చెంబెడు నీళ్ళు నిలిచాయి. నేను బోర్లా పడుకుని కెమెరా నీళ్ళకి ఆనించానా, సముద్రమైపోయింది."

"చెంబెడు నీళ్ళు సముద్రమా బాబాయ్?" అన్నాడు టీకొట్టాయన, పాలు తిరగబోస్తూ.

"పనితనం ఉండాలోయ్. రిపోర్టరు పిల్లని అందులో గొంతుక్కూర్చోబెట్టి, మునిగిపోతున్నట్టు మాట్లాడమ్మా అన్నాను. ఆ పిల్ల నాకంటే రెండాకులు ఎక్కువే చదివింది, నిజంగానే మునిగిపోయింది. జుట్టు పట్టుకుని లాగితే చేతిలో మైకుతో సహా పైకొచ్చింది, మైకులో చేప. లోపల స్టూడియోలో యాంకరు ఏమన్నా తక్కువ తిన్నాడా, వాడు అరిచిన అరుపుకి గోడమీది పటంలో ఉన్న నదులన్నీ పొంగి బల్ల కిందికొచ్చాయి. ఆ తర్వాత సంగతి వినండి. చూసేవాళ్ళ టీవీల్లోంచి నీళ్ళు కారడం మొదలైంది. ఒకావిడ టీవీ కింద బక్కెట్టు పెట్టి రెండు దుప్పట్లు ఉతుక్కుందట."

"సబ్బు కూడా మీ చానెలే ఇచ్చిందా?" అన్నాడు బల్ల చివరనున్న ఆటో అతను.

"మధ్యలో ప్రకటన వచ్చిందిగా, అందులోంచి తీసుకుంది. అడ్డురాకు. ఇంతలో అసలు తుఫానే వచ్చేసింది, నన్ను చూపించకుండా గుంటని చూపిస్తారా అని. మేం జంకుతామా? చర్చ పెట్టేశాం. తెరమీద ఎనిమిది కిటికీల్లో ఎనిమిదిమంది పెద్దమనుషులు, ఒకరి మాట ఒకరు వినకుండా అరుస్తున్నారు. తుఫాను కాసేపు విని చూసింది. తన హోరు తనకే వినపడలేదు. చెవులు మూసుకుని వచ్చినదారినే సముద్రంలోకి పోయింది. ఊళ్ళు నిలబడ్డాయంటే ఎవరి పుణ్యం?"

అందరూ నవ్వారు. పెద్దావిడ నవ్వలేదు. అడగాలా వద్దా అని గ్లాసు తిప్పుతోంది. తాను చూసింది కలే అయితే, కొడుకు కళ్ళల్లో ఆ చూపు మళ్ళీ చూడాలి. అయినా ఉండబట్టలేక అడిగేసింది.

"నాయనా, అందులో వెనక కాలికి గుడ్డకట్టు కట్టిన తెల్లకుక్క ఒకటి పరిగెత్తింది. ఒక చెవి నలుపు. రేకు ఎగిరొస్తే పక్కకి దూకింది. అదీ మొన్న తీసిందేనా?"

"భలే పట్టావు పెద్దమ్మా. ఆ పూటే దాని కాలు విరిగింది. ఒక చేత్తో కెమెరా పట్టుకుని, రెండో చేత్తో నేనే కట్టు కట్టాను."

పెద్దావిడ గ్లాసు కిందపెట్టింది.

"పోయినేడు తుఫానులోనూ అదే కుక్క, అదే కట్టు, అదే రేకు. అంతకుముందు ఎక్కడో ఆనకట్ట తెగిందన్నప్పుడూ అదే పరిగెత్తింది. నువ్వు కట్టిన కట్టేగా. ఆ కాలు ఇంకెప్పటికి మానుతుంది నాయనా?"

లైవ్ బాబాయ్ మిగిలిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు.

"అంటే గుంటలో కూడా తియ్యలేదన్నమాట" అన్నాడు టీకొట్టాయన మెల్లిగా. "అబద్ధం కూడా నిలవదే పోస్తున్నారు." ఆటో అతను బల్ల చరిచి నవ్వాడు. బాబాయ్‌కి ఆఫీసులో పని గుర్తొచ్చింది.

కొడుకు తలెత్తలేదు. "అవునమ్మా, ఆ కుక్క నాకూ ఇప్పుడు గుర్తొస్తోంది" అన్నాడు. "లే, ఇంటికి పోదాం. డాక్టరూ వద్దు, ఏమీ వద్దు."

ఆవిడ చీర కుచ్చెళ్ళు సర్దుకుని లేచింది. ఆ తుఫాను వార్త చూశాక మొదటిసారి ఆకలనిపించింది. అయినా నడిచింది ఆసుపత్రి మెట్లవైపే.

"వచ్చాం కదా, చూపించుకునే పోదాం. పొద్దున పాలు పొయ్యిమీద పెట్టి మరిచిపోయానురా. అది మాత్రం టీవీవాళ్ళ తప్పు కాదు."