ఊకొట్టే డబ్బా

డిగ్రీల బాబాయికి ఆ పేరు చదువు వల్ల రాలేదు. టీ గ్లాసు పట్టుకుంటే ఎన్ని డిగ్రీలుందో చెబుతాడు, మనిషి కోపంగా వస్తే ఎన్ని డిగ్రీల మీదున్నాడో చెబుతాడు. అందుకని వీధివాళ్లు పెట్టిన పేరది. ఆయనకి ఒక జిరాక్స్ కొట్టు, అందులో ఒకే ఒక్క పాత కంప్యూటరు. మధ్యాహ్నం పని పల్చబడగానే కొట్టు ముందు బెంచీ మీదికి పక్క కొట్టు టైలరు, ఎదుటి కొట్టు వాచీల తాత చేరతారు. ఈమధ్య రిటైరైన టీచరమ్మ కూడా వస్తోంది.

ఆవిడ ఎందుకొస్తోందో ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో ఆవిడ పాత కంప్యూటరు, ఆపేసినా ఒక్కోసారి వెచ్చగా ఉంటోంది. మొదట్లో ఆపడం మరిచిపోయాననుకుంది. అప్పట్నించీ పనవగానే వెనక వైరే పీకేసి, చుట్ట చుట్టి, రబ్బరు బ్యాండు వేసి, సంచీలో పెట్టుకుని తిరుగుతోంది. అయినా ఈ ఉదయం సీపీయూ మీద చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది. తెర నల్లగానే ఉంది. చెవి ఆనిస్తే లోపల సన్నటి చప్పుడు. గబగబా సంచీ తడిమింది. వైరు చుట్ట సంచీలోనే ఉంది. గదికి తాళం వేసి బయటపడింది. వైరు లేని డబ్బా వేడెక్కడమన్నది లోకంలో ఉంటే తన బుర్ర బాగున్నట్టు. లేకపోతే ఏమిటన్నది ఆవిడ తలుచుకోదు.

బాబాయి టీ ఊదుకుంటూ ఎత్తుకున్నాడు.

"నేనేదో గొప్పవాణ్ణని చెప్పను గానీ, లోపల నా ముసలి డబ్బా ఉంది చూశారూ, దాని వేడి చూపించే ప్రోగ్రాం ఒకటి పెట్టాను. తెర మూల చిన్న అంకె. నలభై, నలభై ఒకటి, అలా ఉంటుంది. చూసి చూసి నాకెంత అలవాటైందంటే, కళ్లు మూసుకుని అరచెయ్యి ఆనిస్తే చాలు, అంకె చెప్పేస్తాను. ఒక్క డిగ్రీ తేడా రాదు."

"నిజమే," అన్నాడు టైలరు. "మొన్న నా ఇస్త్రీపెట్టె మీద కూడా ఆనించబోయాడు."

"నవ్వరా, నవ్వు. ఒకరోజు చూద్దును గదా, అంకె తనంతట తనే ఎక్కేస్తోంది. యాభై, అరవై, డెబ్భై. పనేమీ ఇవ్వలేదు దానికి. ఏమిటబ్బా అనుకుంటుండగానే గుమ్మంలో మా బావమరిది! వాడికీ నాకూ పడదని మీకు తెలుసుగా. వాడు వీధి మలుపు తిరగకముందే దానికి తెలిసిపోయింది. వాడటు వెళ్లాడు, అంకె ఇటు దిగింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నాకు జ్వరమొచ్చింది. నాకంటే ముందు దానికొచ్చింది! నా నుదుటి మీద తడిబట్ట వేసుకుంటే దాని అంకె దిగింది, దాని మీద వేస్తే నాకు చెమట పట్టింది."

"కంప్యూటరు మీద తడిబట్టేమిటి? షాకు కొట్టలేదూ?" అన్నాడు వాచీల తాత.

"కొట్టింది. ఇంట్లో ఉన్న మా ఆవిడకి."

అందరూ నవ్వారు. టీచరమ్మ నవ్వలేదు. సంచీ ఒళ్లోకి లాక్కుంది.

బాబాయి గొంతు తగ్గించాడు. "ఇంకోనాడు అంకె దిగడం మొదలుపెట్టింది. ముప్పై, పది, సున్నా, సున్నాకి కింద. కీబోర్డు మీద మంచు పేరుకుని అక్షరాలు కనబడక, గోటితో గీక్కుంటూ టైపు చేశాను. ఫ్యానులోంచి చల్లగాలి. ఎక్కణ్ణుంచి వస్తోందో చూద్దామని వంగి చెవి పెట్టాను. అది ఫ్యాను చప్పుడు కాదు. ఊఁ... ఊఁ... అంటోంది. కథ చెబుతుంటే ఎదుటివాళ్లు ఊకొట్టరూ, అచ్చం అలా. నేను మాట్లాడితే ఊఁ. నేనాగితే అదీ ఆగుతుంది. నా మాట కోసం కాచుకున్నట్టు."

టైలరు టీ తాగడం మరిచిపోయాడు. వీధిలో ఎవరిదో సైకిలు కిర్రుమంటూ పోయింది.

"అసలు సంగతి వినండి. నిన్న సాయంత్రం దుమ్ము దులుపుదామని వైరు పీకి, ఇదిగో ఈ బెంచీ మీద పెట్టాను. నా వైరు కొసకి గుర్తుగా పసుపు టేపుంటుంది. లోపలికెళ్లి గుడ్డ తెచ్చుకునేసరికి వైరు లేదు! కొట్టంతా వెతికాను. వెనక్కి తిరిగితే ఏముంది, వైరు లేని డబ్బా నడుస్తోంది! తెర మీద అంకె ముప్పై ఏడు. నా ఒళ్లు పట్టుకు చూసుకున్నాను. ముప్పై ఏడే. కొట్లోనే పరిగెత్తాను, అంకె పెరిగింది. ఊపిరి బిగబట్టాను, కదలకుండా నిలబడిపోయింది. ఇన్నాళ్లూ దాని వేడి నేను చూస్తున్నాననుకున్నాను టీచరమ్మగారూ. నా వేడి అది చూస్తోంది. నేను చల్లబడ్డాక కూడా ఆ అంకె కాసేపు అలాగే ఉంటుందట."

"ఉంటుందని ఎవరు చెప్పారు?" అంది టీచరమ్మ.

"అదే."

ఆవిడకి ఒళ్లు జలదరించింది. జలదరించినా లోపలెక్కడో ప్రాణం కుదుటపడింది. అయితే ఉందన్నమాట, లోకంలో.

"మరింకేం బాబాయ్, ఇప్పుడు నడిపించు," అన్నాడు టైలరు. "వైరు అక్కర్లేదుగా దానికి."

బాబాయి కొట్లోకి తొంగి చూశాడు. మూలన డబ్బా ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉంది. "రాత్రంతా నడిచి అలిసిపోయింది. పడుకుంది."

"అలిసిపోయిందా, వైరు లేక చచ్చిందా?"

టీచరమ్మ ఆగలేకపోయింది. ఆ అంకె తన కళ్లతో చూడాలి. "నా వైరుంది, పెట్టి చూడండి," అని సంచీలోంచి చుట్ట తీసి రబ్బరు బ్యాండు విప్పింది. వైరు మెల్లగా విచ్చుకుంది.

కొసన పసుపు టేపు.

నిన్న వైరు చుట్టడం ఆవిడకి బాగా గుర్తు. ఒక్కో మడతా గుర్తు. చుట్టూ ఉన్న గోడలు మాత్రం ఇంతవరకూ గుర్తుకు రాలేదు. ఇప్పుడొచ్చాయి. ఈ కొట్టు గోడే, పాస్‌పోర్టు ఫొటోల బోర్డు వేలాడుతోంది. కింద ఈ బెంచీ.

"ఏదీ, చూడనీ," అంటూ టైలరు మెడ సాచాడు.

బాబాయి గభాల్న వైరు అందుకున్నాడు. టేపున్న కొస గుప్పిట్లోకి పోయింది. "చూడ్డానికేముందిరా, కుట్టాలా? టీచరమ్మగారి వైరు," అని లోపలికెళ్లి, వాళ్లకి వీపు అడ్డంపెట్టి తగిలించాడు. డబ్బా బుర్రుమంది. కాసేపటికి తెర మూల అంకె పడింది. నలభై ఒకటి.

"చూశారా! పరాయి వైరు పెడితే ఎంత బుద్ధిగా ఉందో. దాని వేషాలన్నీ నా వైరుతోనే!"

"దయ్యం నీ డబ్బాలోనూ లేదు, వైర్లోనూ లేదు బాబాయ్," అన్నాడు టైలరు. "నీ నోట్లో ఉంది."

వాచీల తాత దగ్గొచ్చేదాకా నవ్వాడు. అందరికంటే గట్టిగా బాబాయి నవ్వాడు. టీచరమ్మ లేచి నిలబడింది. ఖాళీ సంచీ చేతిలో తేలిగ్గా ఊగుతోంది.

బాబాయి చెప్పులు వేసుకుని ఆవిడ పక్కకొచ్చాడు. "నేనూ వస్తాను పదండక్కయ్యా," అన్నాడు, ఆవిడకి మాత్రమే వినబడేట్టు.

ఆవిడ తలూపింది. వీధి చివర, తాళం వేసిన గదిలో, నల్లటి తెర పక్కన, ఆవిడ పీకని వైరుతో అది నిన్నట్నించీ ఊఁ అంటూనే ఉంది.